కంచె తీసేస్తే యుద్ధం ఆగుతుందా?
('కంచె' సినిమా మీద ఒక విమర్శ)

చరిత్ర పరీక్షలో "రెండో ప్రపంచ యుద్ధానికి కారణాలు రాయండి" అని తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది. వెర్సైల్స్ సంధి, ఆయుధాల పోటీ, నియంతల పెరుగుదల, నానాజాతి సమితి వైఫల్యం, పోలండ్ మీద జర్మనీ దాడి అని వరసగా నంబర్లు వేసి రాస్తే మార్కులు పడతాయి. ఆ జవాబులో తప్పేమీ లేదు. కానీ అందులో ఒక్క మనిషి కూడా కనిపించడు. సంధులు, సమితులు, దేశాలు మాత్రమే కనిపిస్తాయి. ఇక్కడి మనిషి ఎక్కడో ఇటలీకి వెళ్ళి ముక్కూ మొహం తెలియని వాడిని ఎందుకు కాల్చాడు, వాడి చేతిలో ఎందుకు చచ్చాడు అన్నది ఆ జవాబులో ఉండదు.

ఆ ప్రశ్నకి మనిషి వైపు నుంచి జవాబు చెప్పాలని చూసిన తెలుగు సినిమా 'కంచె'. దర్శకుడు క్రిష్. 2015 అక్టోబరులో దసరాకి వచ్చింది. ఆ సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. మన స్కూల్లో చాలామంది టీవీలో ముక్కలు ముక్కలుగా చూసే ఉంటారు. మా చాల్‌లో కూడా ఇది వస్తే పక్క ఖోలీ వాళ్ళు వచ్చి కూర్చుంటారు. నేను మొత్తం మూడుసార్లు చూశాను. నాకు ఇష్టమైన సినిమా. ఇష్టమైనది కాబట్టే దీన్ని గట్టిగా ప్రశ్నించాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

కథ క్లుప్తంగా

కథ రెండు కాలాల్లో నడుస్తుంది. ఒకటి 1936, మన తెలుగునాట దేవరకొండ అనే ఊరు. రెండోది 1944, యూరప్‌లో యుద్ధభూమి. ధూపాటి హరిబాబు (వరుణ్ తేజ్) కింది కులంగా చూసే కుటుంబంలో పుట్టి మద్రాసులో చదువుకున్న కుర్రాడు. సీతాదేవి (ప్రగ్యా జైస్వాల్) ఆ ఊరి పెద్దింటి అమ్మాయి. ఇద్దరూ ప్రేమించుకుంటారు. సీత అన్న ఈశ్వర్ (నికితిన్ ధీర్) దీన్ని ఒప్పుకోడు. గొడవ ముదిరి ఊరు రెండుగా చీలుతుంది, మధ్యలో కంచె పడుతుంది. ఆ గొడవల్లోనే సీత ప్రాణం పోతుంది. ఎనిమిదేళ్ళ తర్వాత అదే హరిబాబు, అదే ఈశ్వర్ బ్రిటిష్ వారి సైన్యంలో ఒకే పక్షాన ఉంటారు. ఒకరు కెప్టెన్, ఇంకొకరు కల్నల్. పక్కపక్కన నిలబడి హిట్లర్ సైన్యంతో పోరాడతారు కానీ ఇద్దరి మధ్య కంచె అలాగే ఉంటుంది. చివరికి హరిబాబు యుద్ధంలో చనిపోతాడు. అతని మనసేమిటో అప్పుడు ఈశ్వర్‌కి అర్థమవుతుంది.

నచ్చిన విషయాలు

ముందుగా మంచి చెప్పాలి. తెలుగులో యుద్ధం అంటే ఎక్కువగా పురాణ యుద్ధం, లేదా రాజుల యుద్ధం. బొబ్బిలి, పల్నాడు, కురుక్షేత్రం. వాటిలో వీరుడు, శంఖం, పద్యం ఉంటాయి. 'కంచె'లో బురద, పొగ, భయం ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో తెలుగువాడు ఉన్నాడు అని గుర్తు చేసిన తెలుగు సినిమా ఇదే అనిపిస్తుంది. అది కల్పన మాత్రమే కాదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఒక ఊరు ఉంది. తరతరాలుగా ఇంటింటి నుంచి సైన్యంలో చేరడం వల్ల దానికి 'మిలిటరీ మాధవరం' అని పేరొచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆ ఊరివాళ్ళు ఉన్నారు. మన పాఠ్యపుస్తకంలో వాళ్ళకి ఒక్క వాక్యం దొరకలేదు. సినిమాలో రెండు గంటలకు పైగా దొరికింది.

రెండో మంచి విషయం, హరిబాబు పతకం కోసం పోరాడడు. నాజీలు వేటాడుతున్న నిస్సహాయుల్ని కాపాడడమే అతని పని అవుతుంది. తన సొంత ఊరివాడు తనని మనిషిగా చూడలేదు, అయినా తను మాత్రం భాష కూడా తెలియని పరాయివాళ్ళని మనుషులుగా చూస్తాడు. ఇందులో ఉపన్యాసం తక్కువ, పని ఎక్కువ. సాయిమాధవ్ బుర్రా మాటలు, సిరివెన్నెల పాటలు కూడా ఈ భావాన్నే మోస్తాయి.

మూడోది, కథను రెండు కాలాల మధ్య అటూ ఇటూ నడిపిన పద్ధతి. ఊళ్ళో ఒక కర్ర లేస్తుంది, వెంటనే యూరప్‌లో తుపాకి పేలుతుంది. రెండూ ఒకటే అని చెప్పకుండానే చెబుతుంది సినిమా. ఇది నచ్చింది. అసలు అభ్యంతరం కూడా ఇక్కడే మొదలవుతుంది.

మొదటి అభ్యంతరం: ద్వేషం ఒక్కటే కారణమా?

సినిమా చెప్పేది ఇది: మనిషికీ మనిషికీ మధ్య ద్వేషం అనే కంచె ఉంది, అది ఊళ్ళో కులం అవుతుంది, దేశాల మధ్య యుద్ధం అవుతుంది. వినడానికి బాగుంది. కానీ యుద్ధానికి వెళ్ళిన మన సైనికుణ్ణి తీసుకోండి. జర్మనీ మీద అతనికి ద్వేషం ఎక్కడిది? జర్మనీ పేరు విన్నవాళ్ళే ఊళ్ళో ఎంతమంది?

1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. ఆ ప్రకటనకి ముందు ఈ దేశంలో ఎన్నికైన ప్రతినిధుల్లో ఒక్కరినీ అడగలేదు. అందుకు నిరసనగా రాష్ట్రాల్లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. అయినా సైన్యంలో భర్తీ ఆగలేదు. యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం 25 లక్షలకు చేరింది. బలవంతపు భర్తీ లేకుండా చేరినవాళ్ళతో అంత పెద్ద సైన్యం ఇంకెక్కడా లేదని చెబుతారు. ద్వేషం వల్ల వాళ్ళు చేరలేదు. కరువు, అప్పు, నెలనెలా ఇంటికి మనీఆర్డరు వస్తుందన్న ఆశ, సైన్యంలో తాతతండ్రుల అలవాటు చాలామందిని అక్కడికి తీసుకెళ్ళాయి. కొద్దిమంది ఫాసిజాన్ని ఓడించాలని కూడా వెళ్ళారు.

అంటే ద్వేషం లేనివాళ్ళు కూడా యుద్ధం చేస్తారు. యుద్ధం మొదలుపెట్టేవాడు ఒకడు, దాంతో లాభపడేవాడు ఇంకొకడు, పోరాడేవాడు మరొకడు. సినిమాలో ఈ ముగ్గురూ కలిసిపోయారు. ఊరి కంచె విషయంలో ఈశ్వర్ ఇంటివాళ్ళే నిర్ణయించారు, వాళ్ళే కొట్టారు. కాబట్టి అక్కడ ద్వేషం అన్న మాట సరిపోతుంది. ప్రపంచ యుద్ధంలో లండన్‌లో కూర్చుని నిర్ణయించినవాడు వేరు, ఇటలీ కొండల్లో పడిపోయినవాడు వేరు. ఈ తేడా సినిమాలో ఎక్కడా గట్టిగా వినపడదు.

గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి పడమటి వైపు పావుగంట నడిస్తే గవాలియా ట్యాంక్ మైదానం వస్తుంది. ఇప్పుడు ఆగస్టు క్రాంతి మైదానం అంటున్నాం. ఆదివారం క్రికెట్‌కి పోయేవాళ్ళకి బాగా తెలుసు. 1942 ఆగస్టు 8న అక్కడే కాంగ్రెస్ 'క్విట్ ఇండియా' తీర్మానం చేసింది. మర్నాడు తెల్లారేసరికి గాంధీజీతో సహా నాయకుల్ని అరెస్టు చేశారు. ఆ తీర్మానం సారాంశం తేలిక మాటల్లో చెప్పాలంటే: నాజీలకు, ఫాసిస్టులకు మేమూ వ్యతిరేకమే, కానీ మమ్మల్ని బానిసలుగా ఉంచి స్వేచ్ఛ కోసం పోరాడమంటే ఎలా? మన పేటకి ఇంత దగ్గరలో అడిగిన ఈ ప్రశ్న 1944లో బ్రిటిష్ యూనిఫాం వేసుకున్న హరిబాబు మనసులో ఒక్కసారి అయినా గట్టిగా మెదలాలి కదా. అతను చదువుకున్నవాడు, మద్రాసులో ఉన్నవాడు. ఆ ఒక్క గొంతు ఉంటే సినిమా ఇంకా లోతుగా ఉండేది.

రెండో అభ్యంతరం: సైన్యంలో కూడా కంచె ఉంది

సినిమాలో కులం కంచె ఊళ్ళో ఉంది. సైన్యంలో హరిబాబు తన శక్తితో కెప్టెన్ అయ్యాడు. కానీ బ్రిటిష్ వారి సైన్యమే పెద్ద కంచె మీద నిలబడింది. 1857 తిరుగుబాటు తర్వాత కొన్నాళ్ళకి 'యోధ జాతులు' అన్న ఒక సిద్ధాంతం పట్టుకున్నారు. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్‌లు పుట్టుకతోనే యుద్ధానికి పనికొస్తారు, తక్కినవాళ్ళు పనికిరారు అన్నారు. మద్రాసు సైన్యంలో ఒకప్పుడు పెద్ద సంఖ్యలో ఉన్న తెలుగువాళ్ళ భర్తీ తగ్గించుకుంటూ వచ్చారు.

మన మహారాష్ట్రలో మహర్ల కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. డాక్టర్ అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారు. అలాంటి మహర్లని 1890ల్లో భర్తీ నుంచి తీసేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు కావాల్సి వచ్చి మళ్ళీ పిలిచారు, యుద్ధం అయ్యాక ఆ దళాన్ని రద్దు చేశారు. రెండో యుద్ధం వచ్చాక అంబేద్కర్ పట్టుబట్టి అడిగారు. 1941లో బెల్గాంలో మహర్ రెజిమెంట్ పుట్టింది. అవసరం వచ్చినప్పుడు కంచె ఎత్తడం, అవసరం తీరాక మళ్ళీ పాతడం. ఇది ద్వేషంతో చేసినది కాదు, లెక్క వేసి చేసినది. ద్వేషం కంటే ఇది నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది. ద్వేషించేవాడి మనసు ఎప్పుడో మారొచ్చు. లెక్క వేసేవాడికి లాభం మారితేనే మనసు మారుతుంది.

హోదాల విషయం కూడా ఒకటి. యుద్ధం మొదలయ్యే నాటికి భారతీయ అధికారులు చాలా కొద్దిమంది. యుద్ధరంగంలో ఒక బ్రిగేడ్‌ని నడిపిన మొదటి భారతీయుడు కె.ఎస్. తిమ్మయ్య, అది కూడా 1945లో. ఇటువంటి కాలంలో ఒకే ఊరి నుంచి ఒక కల్నల్, ఒక కెప్టెన్ అంటే సినిమా స్వేచ్ఛ అనుకోవాలి. స్వేచ్ఛ తీసుకోవడం తప్పని నేను అనను. కానీ ఆ స్వేచ్ఛ వల్ల ఒక నిజం మరుగున పడింది. తెల్ల అధికారి, నల్ల సిపాయి అనే కంచె సినిమాలో సగమే కనిపిస్తుంది.

మూడో అభ్యంతరం: లెక్కకు రాని చావులు

'కంచె' యుద్ధ సన్నివేశాల్ని జార్జియా దేశంలో తీశారు. మంచు, పాత కోటలు, యుద్ధ ట్యాంకులు. చూస్తుంటే యుద్ధం ఎక్కడో దూరంగా, అందమైన దేశంలో జరిగిందనిపిస్తుంది. కానీ అదే యుద్ధం ఇక్కడికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటలు కట్టుకుని పల్లెలకు పోయారు. 1943లో బెంగాల్‌లో కరువు వచ్చి 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనాలు. యుద్ధంలో చనిపోయిన భారత సైనికులు దాదాపు 87,000. రెండు సంఖ్యలూ పక్కపక్కన పెట్టి చూడండి. తుపాకి పట్టినవాళ్ళ కంటే అన్నం దొరకనివాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ చనిపోయారు.

ఇక మన ఊరి సంగతి. 1944 ఏప్రిల్ 14. ఎస్.ఎస్. ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ విక్టోరియా డాక్‌లో నిలబడి ఉంది. ఇంగ్లండ్ నుంచి కరాచీ మీదుగా వచ్చింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, వేల పత్తి బేళ్ళు, నూనె, కలప, బంగారు కడ్డీలు ఉన్నాయి. పత్తినీ, పేలుడు పదార్థాలనీ ఒకే అరలో పేర్చారు. పత్తికి నిప్పు అంటుకుంటే ఏమవుతుందో గిర్నీలో పనిచేసిన ఏ తాతని అడిగినా చెబుతాడు. మామూలు రోజుల్లో అయితే పేలుడు సరుకు ఉన్న ఓడని డాక్ లోపలికి రానివ్వకుండా బయటే దించేవాళ్ళు. యుద్ధం తొందరలో ఆ జాగ్రత్తని పక్కన పెట్టారు. మధ్యాహ్నం పొగ కనిపించింది. నాలుగు దాటాక ఓడ పేలింది, అరగంటలోపే రెండోసారి ఇంకా పెద్దగా పేలింది. పక్కనున్న ఓడలు మునిగిపోయాయి. మండుతున్న పత్తి, ఇనుప ముక్కలు గోదాముల మీద, ఇళ్ళ మీద పడ్డాయి. మాండ్వీ వైపు వీధులు రోజుల తరబడి మండాయి. దాదాపు 80,000 మందికి ఇల్లు లేకుండా పోయింది. మంటలు ఆర్పడానికి వెళ్ళిన ఫైర్ బ్రిగేడ్ వాళ్ళు 66 మంది చనిపోయారు. అందుకే ఇప్పటికీ దేశమంతా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు.

మొత్తం ఎంతమంది చనిపోయారు? ఒకచోట 800 అని ఉంటుంది, ఇంకోచోట 1,300 అని ఉంటుంది. ఈ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించండి. ఫైర్ బ్రిగేడ్ వాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఉన్నాయి కాబట్టి 66 అని కచ్చితంగా చెప్పగలిగాం. రోజుకూలికి మూటలు మోసినవాళ్ళ పేర్లు ఏ రిజిస్టర్లో ఉంటాయి? పైగా యుద్ధకాలపు సెన్సారు వల్ల ఇంత పెద్ద ప్రమాదం గురించి పూర్తి వార్త రాయడానికి పత్రికలకి మే నెల దాకా అనుమతి రాలేదు. ఊరంతా చూసిన మంటని ఊరి పేపరు రాయకూడదు!

హరిబాబు యూరప్‌లో పోరాడుతున్న 1944 సంవత్సరమే ఇది. సినిమాలో అతని చావుకి సంగీతం ఉంది, కన్నీళ్ళు ఉన్నాయి. డాక్ కూలీ చావుకి అంకె కూడా సరిగ్గా లేదు. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' కవితలో రాజుల పేర్లు పక్కన పెట్టి రాళ్ళెత్తిన కూలీల సంగతి అడిగాడు. కామాటి అంటేనే మట్టి పని, రాతి పని చేసే కూలీ. నిజాం రాజ్యం నుంచి వలస వచ్చి ఈ బొంబాయిలో ఇళ్ళు, రోడ్లు కట్టిన ఆ మనుషుల పేరు మీదే కామాటిపుర అన్న పేరు వచ్చింది. అందుకని ఆ కవిత అడిగిన ప్రశ్న మనం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? యుద్ధం మీద సినిమా తీసేవాళ్ళని కూడా ఇదే అడగాలి.

నాలుగో అభ్యంతరం: సీత ఎక్కడ?

సీత చదువుకున్నది, ధైర్యం ఉన్నది. కానీ కథలో ఆమె పని ప్రేమించడం, చనిపోవడం. ఆమె చావు ఇద్దరు మగవాళ్ళ మనసులు మారడానికి పనికొచ్చింది. హరిబాబుకి జ్ఞాపకం అయింది, ఈశ్వర్‌కి పశ్చాత్తాపం అయింది. ఆమెకి యుద్ధం గురించి, ఊరి గొడవ గురించి ఏమనిపించిందో మనకి పెద్దగా తెలియదు.

ఈ మాట రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను, పెద్దలు అర్థం చేసుకుంటారని. కామాటిపుర అనగానే బయట చాలామంది ముఖం మారిపోతుంది. కాలేజీ ఫారంలో చిరునామా రాసేటప్పుడు 'గ్రాంట్ రోడ్' అని మాత్రమే రాసే అక్కలు నాకు తెలుసు. ఆ చెడ్డపేరు ఎక్కడ నుంచి వచ్చింది? 19వ శతాబ్దంలో బ్రిటిష్ పాలకులు తమ సైనికులు, నావికులు వచ్చే రేవుపట్నాల్లో ఇలాంటి పేటల్ని ఉండనిచ్చారు, వాటికి నియమాలు పెట్టి నడిపించారు. చట్టం ఆ ఆడవాళ్ళని పరీక్షలు చేయించుకోమంది, సైనికుణ్ణి మాత్రం అడగలేదు. బీదరికంలో ఉన్న ఆడపిల్లలు వచ్చి పడ్డారు. పేరు మాత్రం పేటకి పడింది, ఆ ఆడవాళ్ళకి పడింది. సైన్యానికి పడలేదు. సైన్యాలు నడిచిన చోటల్లా ఆడవాళ్ళ బతుకులు ఏమయ్యాయో ఏ యుద్ధ సినిమా అయినా ఒక్క నిమిషం చూపిస్తే మా పేట పేరు విన్నవాళ్ళు ముఖం తిప్పుకునే ముందు కాస్త ఆలోచిస్తారు.

ముగింపు సన్నివేశం గురించి

చివర్లో ఈశ్వర్ మారతాడు. కంచె పోతుంది. థియేటర్లో చప్పట్లు కొట్టించే ఘట్టం. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఒక సందేహం వచ్చింది. కంచె కట్టినవాడి మనసు మారేదాకా ఇవతలివాళ్ళు ఆగాలా? ఇవతలివాడు చనిపోతే తప్ప అవతలివాడికి కళ్ళు తెరుచుకోవా?

మన పెద్దలు చాలామంది నల్లగొండ, కరీంనగర్, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. 1940ల్లో ఆ పల్లెల్లో వెట్టిచాకిరి ఉండేది. దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడవాలి. అక్కడివాళ్ళు దొర మనసు మారేదాకా ఆగలేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటని విసునూరు దేశ్‌ముఖ్‌కి వదలనంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకి చనిపోయాడు. అక్కడి నుంచి తెలంగాణ సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. ఆ పోరాటంలో వేలమంది చనిపోయారు. మధ్యలో 1948 సెప్టెంబరులో భారత సైన్యం ఐదు రోజుల్లో హైదరాబాద్ రాజ్యాన్ని స్వాధీనం చేసుకుంది. ట్యాంకులు వచ్చాయి, విమానాలు వచ్చాయి, కానీ దానికి పెట్టిన పేరు 'పోలీసు చర్య'. యుద్ధానికి ఏ పేరు పెట్టాలో కూడా గెలిచినవాడే నిర్ణయిస్తాడు అని దీన్నిబట్టి తెలుస్తుంది.

నేను తుపాకి మంచిదని అనడం లేదు. ఆ పోరాటంలో కూడా తప్పులు జరిగి ఉంటాయి, అమాయకులు పోయి ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే. కంచెకి రెండు వైపులా ఉన్నవాళ్ళు సమానం కారు. ఒకడు కట్టినవాడు, ఒకడు ఇవతల పడ్డవాడు. 'ద్వేషం మానండి' అని ఇద్దరికీ ఒకే మాట చెబితే అది ఇవతల పడ్డవాడికి అన్యాయం అవుతుంది. సినిమా ఇద్దరికీ ఒకే మాట చెప్పింది.

అయితే ఆ యుద్ధం తప్పా?

తరగతిలో మాట్లాడుకున్నప్పుడు ఒక మిత్రుడు అడిగాడు, "అట్లయితే హిట్లర్‌తో కొట్లాడుడు తప్పంటవా?" అని. తప్పని నేను అనను. 60 లక్షల మంది యూదుల్ని చంపినవాణ్ణి ఎవరో ఒకరు ఆపాలి. మాణ్‌గావ్ దగ్గరి పల్లె నుంచి వెళ్ళిన నాయక్ యశ్వంత్ ఘాడ్గే మరాఠా రెజిమెంట్ సైనికుడు. 1944 జూలై 10న ఇటలీలో తన దళంలో తక్కినవాళ్ళందరూ పడిపోయాక ఒక్కడే శత్రువు మెషిన్‌గన్ మీదికి వెళ్ళి దాన్ని ఆపి, తర్వాత గుండు తగిలి చనిపోయాడు. వయసు 22. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆయన ధైర్యాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

నాజీలను ఆపడం న్యాయం. ఆ పనికి ఒక బానిస దేశాన్ని అడక్కుండా వాడుకోవడం అన్యాయం. రెండూ నిజమే. ఒక నిజం చెప్పి ఇంకొకటి దాచితే అది చరిత్ర అవదు. ఆ సైనికులే తిరిగి వచ్చాక ఈ రెండో నిజం వాళ్ళకి తెలిసింది. 1946 ఫిబ్రవరిలో ఇదే బొంబాయిలో రాయల్ ఇండియన్ నేవీ నావికులు తిరుగుబాటు చేశారు. చెడిపోయిన తిండి, అవమానకరమైన మాటలతో మొదలై అది స్వాతంత్ర్యం దాకా వెళ్ళింది. గిర్నీ కార్మికులు సమ్మె చేసి వాళ్ళ వెంట నిలబడ్డారు. వీధుల్లో కాల్పులు జరిగి రెండు వందల మందికి పైగా ప్రజలు చనిపోయారు. ఫాసిజం మీద గెలిచిన ప్రభుత్వమే ఆ కాల్పులు జరిపింది.

కాబట్టి ఏ యుద్ధాన్ని చూసినా నాలుగు ప్రశ్నలు అడగాలని నాకు అనిపించింది. నిర్ణయించింది ఎవరు? లాభం ఎవరికి? చచ్చింది ఎవరు? లెక్కలో రానిది ఎవరు? 'కంచె' మూడో ప్రశ్నకి బాగా జవాబు చెప్పింది. మొదటి రెండూ వదిలేసింది. నాలుగోది దానికి తట్టనే లేదు.

ఒక్క సినిమాలో ఇన్ని ఎలా చెబుతారు అని మీరు అనవచ్చు. నిజమే, అన్నీ చెప్పలేరు. పాటలు కావాలి, ప్రేమ కావాలి, టిక్కెట్లు అమ్ముడుపోవాలి. కానీ ఈ సినిమా మామూలు సినిమాలాగా తప్పించుకోలేదు. కులానికీ యుద్ధానికీ సంబంధం ఉందని ధైర్యంగా అంది. అంత పెద్ద మాట అన్నాక ఆ సంబంధం ఏమిటో పూర్తిగా చూపించే బాధ్యత కూడా దానిదే. తక్కువ ఆశించాల్సిన సినిమా అయితే ఇంత రాసేదాన్ని కాదు.

మిత్రులకి నా మనవి, 'కంచె' తప్పకుండా చూడండి, మొత్తం ఒకేసారి చూడండి. పెద్దలు పిల్లలతో కలిసి చూసి, అయ్యాక ఒక గంట టీవీ ఆపి మాట్లాడండి. తాతలు, నాయనమ్మలు ఉన్న ఇళ్ళలో యుద్ధకాలం రేషను గురించి, డాక్ పేలుడు గురించి వాళ్ళు తమ పెద్దల దగ్గర విన్నది అడిగి రాసిపెట్టండి. ఉపాధ్యాయులకి ఒక చిన్న కోరిక. వచ్చే సంవత్సరం చరిత్ర విహారయాత్రకి దూరం పోనక్కర్లేదు. ఉదయం ఆగస్టు క్రాంతి మైదానం, అక్కడి నుంచి బైకల్లాలో ఫైర్ బ్రిగేడ్ కార్యాలయం దగ్గరున్న స్మారకం. రెండూ మన బడికి నడిచి పోయేంత దూరమే. స్మారకం దగ్గర పేర్లు చదువుదాం. పేర్లు లేనివాళ్ళ గురించి తిరిగి వచ్చాక వ్యాసం రాద్దాం. ఆ వ్యాసానికి ఐదు మార్కులు కాదు, పది ఇవ్వాలి.